సెటిలైండా?

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగి, చెప్పుల దుకాణాలూ జ్యూస్ బండ్లూ తప్పించుకుంటూ పక్క సందులోకి తిరిగితే, ఒకే భవనానికి డజను బోర్డులు వేలాడుతుంటాయి. కింద జిరాక్సు షాపు, పైన లేడీస్ హాస్టల్, ఆ రెండింటి మధ్య పోటీ పరీక్షల కోచింగ్ సెంటరు. అక్కడ ఇంగ్లీషు చెప్పే వంశీకృష్ణ గురించే నేను చెప్పబోయేది. ముందే చెబుతున్నాను, అతను గొప్పవాడేమీ కాదు. ముప్పై నాలుగేళ్లు, కాస్త ముందుకొచ్చిన పొట్ట, చొక్కా జేబు మీద మార్కర్ మరక. ఆ సందులో రోజూ మీ భుజానికి భుజం రాసుకుని వెళ్లేవాళ్లలో ఒకడు.

వాళ్లది నల్గొండ పక్క పల్లె. తండ్రి లారీ నడిపేవాడు, వంశీ డిగ్రీలో ఉండగానే పోయాడు. తల్లి మణెమ్మ చంపాపేటలో రెండు గదులు కిరాయికి తీసుకుని, జాకెట్లు కుట్టి పిల్లలిద్దర్నీ ఒడ్డున వేసింది. కూతురికి పెళ్లి చేసింది. కొడుకు గ్రూప్స్ రాసి ఆఫీసరవుతాడని కూర్చుంది. వంశీ ఈ కోచింగ్ సెంటరుకు మొదట వచ్చింది చదువుకోవడానికే. ఓసారి ఇంగ్లీషు సారుకు జ్వరమొస్తే, నువ్వు కాస్త చెప్పరా అన్నారు. చెప్పాడు. పిల్లలు కదలకుండా విన్నారు. ఖర్చులకు పనికొస్తుందిలే అని ఒప్పుకున్నాడు, నోటిఫికేషన్ వచ్చేదాకా అనుకున్నాడు. ఎన్నో నోటిఫికేషన్లు వచ్చాయి, పోయాయి. అతను మాత్రం అదే బోర్డు ముందు నిలబడి ఉన్నాడు.

ఈలోగా అతని దగ్గర చదివినవాళ్లు ఒక్కొక్కరే ఉద్యోగాల్లోకి వెళ్లిపోయారు. ఒకడు పంచాయతీ సెక్రటరీ, ఒకమ్మాయి ఎక్సైజులో, ఇంకో అమ్మాయి బ్యాంకులో. ఫలితాలొచ్చిన రోజు మిఠాయి డబ్బా పట్టుకుని పరుగెత్తుకొచ్చి కాళ్లకు దండం పెడతారు. వంశీ సగం అక్కడే పంచి, మిగతాది ఇంటికి తెస్తాడు.

"ఎవలికి కొలువొచ్చింది కొడుకా?" అంటుంది మణెమ్మ.

"మా స్టూడెంటుకమ్మా."

"మంచిగాయె," అని డబ్బా దేవుడి పటాల ముందు పెడుతుంది. ఇంకేమీ అనదు పాపం. ఆ అనకపోవడమే అతనికి భరించలేనంత బాధ.

అనేవాళ్లు వేరే ఉన్నారు లెండి, వాళ్లకేం కొదవ. ఏ పెళ్లికి వెళ్లినా, ఏ దినానికి వెళ్లినా, చేతిలో ప్లేటు పెట్టకముందే అడుగుతారు. "మీవోడు సెటిలైండా మణెమ్మా?" పక్కింటి పెంటమ్మైతే గోడ మీంచే అడుగుతుంది, కూరేం వండావన్నంత తేలిగ్గా. మణెమ్మ చీర కొంగు సర్దుకుని, "ఇంకా లేదక్కా, అయితడు," అంటుంది. ఇంగ్లీషు ముక్క ఒక్కటి రానివాళ్లందరికీ ఆ ఒక్క క్రియ మాత్రం ఎలా పట్టుబడిందో! పొట్టకోసం ఇంగ్లీషు చెప్పేవాడికి, ఆ మాట వినబడితే చాలు, అన్నం దిగేది కాదు.

అలాంటి ఇంటికి మన్సూరాబాద్ నుంచి ఒక సంబంధం వచ్చింది. అమ్మాయి పేరు సుష్మిత. ఎల్‌బీ నగర్‌లో రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది. మన్సూరాబాద్ ఇంకా ఊరుగా ఉన్నప్పుడు వాళ్ల తాత అంతయ్యకు అక్కడ పొలాలుండేవి. అవి ప్లాట్లయ్యాయి, ప్లాట్లు అన్నదమ్ముల మధ్య పంపకాలయ్యాయి, మిగిలింది ఒక ఇల్లూ, కింద దుకాణాలకు కిరాయికిచ్చిన రెండు మడిగెలూ. అయినా ఆ ఇంట్లో ముసలాయన మాట దాటి చెంబు కూడా కదలదని పేరు. సంబంధం తెచ్చింది వంశీ బావ ప్రసన్నకుమార్. ప్లాట్ల బేరాలు చేసి చేసి, లేని రోడ్డును కూడా నలభై అడుగులని చూపించగల మనిషి.

పెళ్లిచూపుల్లో అమ్మాయి తండ్రి అడగనే అడిగాడు, పిలగాడు సెటిలైనట్టేనా అని. వంశీ నోరు తెరిచేలోగా ప్రసన్నకుమార్ అందుకున్నాడు. "అయినట్టే మామా! గ్రూప్స్‌ల ఒచ్చేసింది. పోస్టింగ్ ఆర్డరొక్కటే చేతికి రావాలె."

వచ్చిందీ లేదు, ఆర్డరూ లేదు. ఈసారి కూడా జాబితాలో అతని నంబరు లేదని ఆ గదిలో తల్లికీ కొడుక్కీ బావకీ తెలుసు. వంశీ తల వంచుకుని ప్లేటులోని మైసూర్‌పాక్ వైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఇద్దర్నీ మాట్లాడుకోమని మేడ మీదికి పంపారు. సుష్మిత జీతం అడగలేదు. మీరు పిల్లలకేం చెప్తారని అడిగింది. తన పని గురించి చెప్పింది. "చిన్నపిల్లలు సూది చూసి ఏడుస్తరు కదా, వాళ్లను ముచ్చట్ల పెట్టి రక్తం తీసేస్తా. అయిపోయినంక ఏడుద్దామని యాదికొస్తది వాళ్లకు." వంశీ పడీ పడీ నవ్వాడు. ఎన్నాళ్లకు నవ్వాడో అలా! అప్పుడు ఆమె మామూలుగా అడిగింది, "పోస్టింగ్ ఎటు ఒస్తదంటారు?" అని.

"చూడాలె," అన్నాడు.

బావ చెప్పింది బావ అబద్ధం. ఈ "చూడాలె" మాత్రం అచ్చంగా అతనిదే. ఆ రాత్రి నుంచి అది అతన్ని వదల్లేదు. పిల్ల నచ్చింది, నచ్చడమంటే మామూలుగా కాదు. నిజం చెబితే చేయి జారిపోతుంది, చెప్పకపోతే మొహం ఎలా చూడడం?

ఇక మనవాళ్ల ఎంక్వయిరీ సంగతి మీకు తెలియనిదేముంది. పిల్లనిచ్చేముందు పిల్లవాడి వీధిలో కిరాణా కొట్టువాణ్ని అడుగుతారు, మంగలి షాపులో గడ్డం గీయించుకుంటూ అడుగుతారు, పని చేసేచోటికి ఏదో వంకతో వెళ్లి తొంగి చూస్తారు. అదేమీ తప్పు కాదు, అడగకపోతేనే తప్పు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ పని మరీ సులువు. కొత్త బ్యాచ్ మొదలయ్యేముందు ప్రతి సెంటరూ ఉచితంగా డెమో క్లాసు పెడుతుంది. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు, ఎవరని అడిగే నాథుడుండడు.

ఆ శుక్రవారం డెమో మొదలవబోతుండగా ప్రసన్నకుమార్ ఫోను చేశాడు. "బామ్మర్దీ, పిల్ల తాత ఎంక్వయిరీకి బయల్దేరిండట. తెల్ల పంచె, కండువ. మీ క్లాసులనే కూసుంటడు. జర హుషార్‌గుండు. ఏమన్న అడిగితే ఆర్డరొస్తదని ఒక్క మాట అను, నీ సొమ్మేం పోదు."

వంశీ క్లాసులోకి వెళ్లి చూస్తే చివరి బెంచీలో, ఫ్యాను కింద, తెల్ల పంచె కండువాతో పెద్దాయన కూర్చుని ఉన్నాడు. పెళ్లిచూపుల నాడు మోకాళ్ల నొప్పులని గదిలోంచి బయటికి రాలేదు, అందుకే వంశీ అతన్ని చూడటం ఇదే మొదలు. చుట్టూ పిల్లలు ఆయన్ని ఎవరో విద్యార్థి తండ్రి అనుకుని సర్దుకుని చోటిచ్చారు.

డెమోలో ఏ పాఠం చెప్పాలన్నది వంశీ ఇష్టమే. ఎప్పుడూ "టేక్" అనే క్రియతో మొదలుపెట్టేవాడు, అది కంఠతా వచ్చు. ఆ రోజు చేతికేమైందో, బోర్డు మీద "సెటిల్" అని రాశాడు. 

"పర్యాయపదాల లిస్టు బట్టీ కొట్టకుండ్రి," అన్నాడు పిల్లలతో. "కొడితే పరీక్షల నాలుగు ఆప్షన్లు ఒక్క తీరుగ కనబడి ఎక్కిరిస్తయి. ఈ మాట మీ ఇండ్లల్ల, గల్లీల ఎట్ల ఇన్నరో చెప్పుండ్రి. నేను తెలుగు చెప్త, తర్వాత ఇంగ్లీషుల దాని చుట్టాలను చెప్త."

సూర్యాపేట అమ్మాయి లేచింది. "మా బాబాయోళ్లతోని పొలం గెట్టు పంచాయితి సెటిలైంది సార్."

"అంటే తేలింది, తెగింది. అక్కడ దాని చుట్టం రిజాల్వ్."

"హోటల్ బిల్లు సెటిల్ చేసిన సార్."

"కట్టినవు. పే. కట్టకపోతే నీ పంచాయితి సెటిల్ చేస్తుండె వాడు."

క్లాసు నవ్వింది. హాస్టలమ్మాయి ఒకతె, బోరు నీళ్లు బకెట్లో పట్టి పెడితే మట్టి సెటిలవుతుందంది. "శభాష్," అన్నాడు వంశీ. "సింక్. మట్టి అడుక్కు దిగుతది. మనకు ఇంకో మాటున్నది, ఇంగ్లీషోడు మట్టినే చూసిండు, మనోళ్లు నీళ్లను గూడ చూసిండ్రు. నీళ్లు తేరుకున్నయి అంటం." ఇంకొకడు పావురం వచ్చి కిటికీ మీద సెటిలైందంటే, వాలిందన్నాడు. మొదట్లో రోజూ ఏడ్చి ఇప్పుడు హాస్టల్లో సెటిలయ్యానన్న పిల్లకు, కుదురుకున్నావన్నాడు. సాఫ్ట్‌వేరు అనుకున్నాను, కానిస్టేబుల్ ఉద్యోగానికి సెటిలవుతున్నాను అని ఒక కుర్రాడు గొణిగితే, దానికి సరిపెట్టుకోవడమని పేరు పెట్టి, అందులో సిగ్గుపడేదేమీ లేదని కూడా చెప్పాడు.

గుంటూరు వైపు మాటతీరున్న కుర్రాడు చెయ్యెత్తాడు. "మా తాతగారు ఇక్కడికొచ్చి నలభై ఏళ్లయిందండీ. మా నాన్న ఇక్కడే పుట్టాడు, నేనూ ఇక్కడే పుట్టాను. అయినా మమ్మల్ని సెటిలర్లనే అంటారు. మరి మేం సెటిలైనట్టా, కానట్టా సార్?"

క్లాసంతా గొల్లున నవ్వింది. వంశీ కూడా నవ్వి, "రిజైడ్. కాపురముండుడు. పేరు పెట్టుడు వేరే సంగతి తమ్మీ, అది డిక్షనరీ చేతుల లేదు," అన్నాడు. నవ్వు ఇంకా ఆరకముందే చివరి బెంచీలోంచి కండువా కదిలింది.

"సారూ, నాకు గూడ ఒకటి అడుగాల్నని ఉన్నది," అన్నాడు అంతయ్య, లేవకుండానే. "మా దిక్కు పిల్లనిచ్చేటప్పుడు పిలగాడు సెటిలైండా అని అడుగుతరు. అంటే ఏమర్థం?"

"స్థిరపడ్డడా అని, తాతా."

"మరి మీరు స్థిరపడ్డరా సారూ?"

పిల్లలు నవ్వారు, పెద్దాయన తమాషా చేస్తున్నాడనుకున్నారు. వంశీ మార్కర్‌కు మూత పెట్టాడు. ఒక్క మాట చాలు, ఆర్డరొస్తుంది తాతా అంటే సుష్మిత తనదవుతుంది. ఆ మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. కానీ ఎదురుగా అరవై మొహాలు, మీ ఇండ్లల్లో విన్నది విన్నట్టు చెప్పండని తను అడగగానే ఒక్కటీ దాచకుండా చెప్పిన పిల్లలు. కానిస్టేబుల్‌కు సరిపెట్టుకుంటున్నానన్న కుర్రాడు తనవైపే చూస్తున్నాడు. వాడికున్న ధైర్యం నాకు లేకపోయెనే అని వంశీకి తనమీద తనకే అసహ్యమేసింది.

"లేదు తాతా," అన్నాడు. "గ్రూప్స్‌ల నాకు రాలే. ఆర్డరు గీర్డరు ఏం లేదు. మావోళ్లు మీతోని చెప్పింది అబద్ధం. నేను పక్కకే కూసోని ఊకున్న. మీ మనుమరాలు అడిగితే చూడాలె అన్న, అది గూడ అబద్ధమే." ఆగాడు. తర్వాతి మాట అతను అనుకున్నది కాదు, దానంతటది వచ్చేసింది. "ఇంకోటి. ఇగ నేను పరీక్ష రాయ. నాకు గీ పాఠం చెప్పుడే ఒస్తది. గిదే చేస్త."

 అంతయ్య కాసేపు బోర్డు వైపు చూశాడు. "అట్లనా," అన్నాడు. మోకాళ్లు పట్టుకుని లేచి, గుమ్మం దగ్గర అన్ని జతల్లో తన చెప్పులు వెతుక్కుని, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం వంశీ బస్సెక్కలేదు, చంపాపేట దాకా నడిచే వెళ్లాడు. పిల్ల పోయిందన్న దుఃఖం నిజంగానే ముంచుకొచ్చింది, ఫ్లైఓవర్ కింద నిలబడి కళ్లు తుడుచుకున్నాడు కూడా. దానితోపాటే లోపల ఎక్కడో తేలిగ్గా ఉంది. నోటిఫికేషన్ వచ్చిన ప్రతిసారీ బకెట్‌లో చెయ్యి పెట్టి కలిపినట్టు తనను తనే కలుపుకున్నాడు, ఇన్నేళ్లూ నీళ్లు తేరుకోనిస్తే కదా. రాయనని నోటితో అన్నాక, పదేళ్ల వయసు ఒక్కసారిగా ఖాళీ అయినట్టు భయమేసింది. ఇంటికెళ్లి తల్లికి అంతా చెప్పేశాడు.

మణెమ్మ తిట్టలేదు. కుట్టు మిషను ముందు కూర్చుని, దారం తెగినా చూసుకోకుండా చాలాసేపు తొక్కింది. తిట్టినవాడు ప్రసన్నకుమార్. ఫోనులో ఎగిరెగిరి పడ్డాడు. "నీయవ్వ, ఒక్క మాట అంటే నోరు పడిపోతుండెనా? సత్యహరిశ్చంద్రుని లెక్క మాట్లాడుతున్నవ్! నా ఇజ్జత్ తీసినవ్ కదరా!"

ఆదివారం పొద్దున మన్సూరాబాద్ నుంచి కబురొచ్చింది, ఇల్లు చూడటానికి వస్తున్నామని. సంబంధం పోయిందనుకున్న ఇంటికి ఇదేం కబురో ఎవరికీ అర్థం కాలేదు. మణెమ్మ మాత్రం పరుగున లేచి కోడి తెప్పించింది, బగారన్నం వండింది. "ఎందుకమ్మా, ఒద్దనడానికే ఒస్తున్నట్టున్నరు," అంటే, "ఎందుకొస్తే ఏంది, ఇంటికొచ్చేటోళ్లకు వండొద్దా?" అని కసిరింది.

ముగ్గురొచ్చారు. అంతయ్య, అతని కొడుకు, వాళ్ల వెనక సుష్మిత. పిల్ల వస్తుందని ఎవరూ అనుకోలేదు. ఇల్లు చూడటానికి పెద్దవాళ్లే వస్తారు, పిల్ల రాదు. వచ్చినవాళ్లు రెండు గదులూ చూశారు, వంటగది చూశారు. మణెమ్మ అన్నం తినమంది. అంతయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ వైపు ఇళ్లన్నింట్లో అంతే, సంబంధం ఖాయమయ్యేదాకా పిల్లవాడి ఇంట్లో మెతుకు ముట్టరు. ముట్టారంటే ఒప్పుకున్నట్టే, ఇక వెనక్కు తీసుకోవడమంటూ ఉండదు. మంచినీళ్లు మాత్రం గుక్కెడు తాగి, గ్లాసు కింద పెట్టాడు.

"బిడ్డా, మణెమ్మా," అన్నాడు నెమ్మదిగా. "నీ కొడుకు నిజం చెప్పిండు. నలుగుర్ల చెప్పిండు. గందుకే ఫోన్ల ఒద్దనకుంట ఇంటికొచ్చి చెప్తున్న. పిలగాని మీద నాకు కోపం లేదు. కానీ నిజంతోని ఇల్లెల్లదు గదా. ప్రైవేటు కొలువు, రేపుంటదో లేదో. మా పిల్లను ఇయ్యలేం. ఏమనుకోకుండ్రి." లేచాడు. కొడుకూ లేచాడు. వంశీ తలుపు పక్కన నిలబడి, అన్నది న్యాయమే అని తలూపాడు. 

సుష్మిత లేవలేదు.

"అత్తమ్మా," అంది మణెమ్మతో. "నాకు ఆకలైతుంది. అన్నం పెట్టుండ్రి."

మణెమ్మ చేతిలో గరిటె ఉన్నది ఉన్నట్టే ఆగిపోయింది. తండ్రి, "సుష్మితా! ఏం మాట్లాడుతున్నవో తెలుస్తున్నదా?" అని గద్దించాడు.

"తెలుస్తున్నది నాన్నా. ఇంతకు ముందు ఒచ్చినోళ్లందరు సెటిలైనోళ్లే. ఒక్కనికి వేరే పిల్లతోని నడుస్తుండె, ఒక్కనికి తాగుడుండె. మనం ఎంక్వయిరీ చేస్తేనే బయటపడ్డది గదా. ఈయన అడుగంగనే చెప్పిండు. నాకు కొలువున్నది, ఈయనకు కొలువున్నది. నెలకు ఎంతొస్తదో, ఎంతల బతుకుతమో నేను చూసుకుంట." కళ్లల్లో నీళ్లు తిరిగాయి, అయినా అదే పట్టుతో కుర్చీ దిగి కింద చాప మీద కూర్చుంది. వంశీ వైపు చూసి, "మీరేమన్న ఒద్దంటరా?" అని అడిగింది.

"నేనెందుకంట," అన్నాడు వంశీ. ఇంగ్లీషులో అన్ని పర్యాయపదాలు తెలిసినవాడికి తెలుగులో అంతకు మించి ఒక్క మాట దొరకలేదు. తనే వెళ్లి కంచం తెచ్చాడు.

మణెమ్మ వడ్డించింది. సుష్మిత అన్నం కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. అంతయ్య గడపలో ఒక కాలికి చెప్పు వేసుకుని, రెండో చెప్పు వేసుకోకుండా అలాగే నిలబడి మనవరాలినే చూస్తున్నాడు. ఎంతసేపు చూశాడో! చివరికి ఆ ఒక్క చెప్పూ విడిచాడు.

"మొండిది. అచ్చం వాళ్ల నాయనమ్మే," అని గొణుక్కుంటూ వచ్చి, గోడ పట్టుకుని మనవరాలి పక్కన కూలబడ్డాడు. "నాకు కోడి బొక్కలు లేకుంట ఎయ్యి బిడ్డా. పండ్లు సక్కగ లేవు." కొడుకు ఇటూ అటూ చూసి, ఇంకేం చేస్తాడు, తనూ చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.

పొద్దుట్నుంచీ గోడవతల చెవులు రిక్కించుకుని కూర్చున్న పెంటమ్మ ఇక ఆగలేకపోయింది. "మణెమ్మా, ఓ మణెమ్మా! సంబంధం ఏమైందే?" అని కేకేసింది.

మణెమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. గరిటె చేతిలో పట్టుకునే గుమ్మంలోకి వచ్చి, వీధి మొత్తం వినేలా అరిచింది.

"తింటున్నరక్కా!"